మీ చుట్టూ ఉన్న నెట్‌వర్కులను మీరే గుర్తుపట్టడం ఎలా?

పాన్, లాన్, మాన్, వాన్. కంప్యూటర్ పాఠాలు చదివిన వారికి నెట్‌వర్కుల ఈ నాలుగు పేర్లూ కంఠతా వచ్చు. చిన్నది, కాస్త పెద్దది, ఇంకా పెద్దది, అన్నిటికన్నా పెద్దది అని వరుసగా అప్పజెప్పగలరు. కానీ ఎదురుగా ఉన్న రూటరును చూపించి, ఇందులో లాన్ ఎక్కడ ముగుస్తుంది, వాన్ ఎక్కడ మొదలవుతుంది అని అడిగితే చాలామంది తడబడతారు. తప్పు వారిది కాదు. దూరాన్ని కొలిచి పేర్లు పెట్టే పాఠం పరీక్ష వరకే పనికొస్తుంది, నెట్ పోయిన రోజున అక్కరకు రాదు.

నాకు ఎప్పుడూ పనికొచ్చిన ప్రశ్న వేరే ఉంది. ఈ దారి ఎవరిది? ఇది తెగితే బాగుచేయాల్సింది ఎవరు? ఈ ప్రశ్నను పట్టుకుని, మీ చేతిలోని ఫోను దగ్గర మొదలుపెట్టి ఒక్కో అడుగూ బయటికి వేసుకుంటూ వెళ్దాం. ఒక తెల్ల కాగితం, పెన్సిలు, ఫోను, కంప్యూటర్, ఇంట్లోనో కార్యాలయంలోనో ఉన్న రూటరు ఉంటే చాలు. చదువుతూనే చేయండి. చదివి పక్కన పెడితే ఇది కూడా మరో పాఠంగానే మిగులుతుంది.

1. కాగితం మధ్యలో మీ ఫోను గీయండి

దాని చుట్టూ, చేయి చాస్తే అందే పరికరాలన్నీ గీయండి. ఇయర్‌ఫోన్లు, స్మార్ట్ వాచీ, తీగలేని మౌస్, కీబోర్డు. ఫోనుతోనో కంప్యూటర్‌తోనో మాట్లాడే ప్రతిదానికీ ఒక గీత కలపండి. ఇదే పర్సనల్ ఏరియా నెట్‌వర్క్, అంటే పాన్. ఒక మనిషిని అంటిపెట్టుకుని ఉండే నెట్‌వర్క్ ఇది. ఆ మనిషి లేచి వెళ్తే నెట్‌వర్కు కూడా ఆయన వెంటే వెళ్తుంది. ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించినా అది పాన్ కిందికే వస్తుంది.

ఇప్పుడు చిన్న పరీక్ష. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ ఒక్కటే ఆన్ చేయండి. ఫోనులో దాచుకున్న పాట ఏదైనా ఇయర్‌ఫోన్లలో వినండి. పాట మామూలుగానే వినిపిస్తుంది. ఇంటర్నెట్ లేదు, మొబైల్ సిగ్నల్ లేదు, అయినా నెట్‌వర్క్ ఉంది. నెట్‌వర్క్ అంటే ఇంటర్నెట్టే అన్న అపోహ ఇక్కడే వదిలించుకుంటే మిగతా దారి సులువవుతుంది.

పాట వినిపిస్తుండగానే ఫోనును బల్ల మీద వదిలి పక్క గదిలోకి నడవండి. చిన్న పరికరాల్లో వాడే బ్లూటూత్ సాధారణంగా 10 మీటర్ల దాకా పనిచేస్తుంది. మధ్యలో గోడ వస్తే అంతకంటే ముందే పాట తెగుతూ వినిపిస్తుంది. ఎక్కడ తెగిందో ఆ చోటి వరకు కాగితం మీద ఒక చిన్న వలయం గీయండి. అది మీ పాన్ సరిహద్దు. ఇందులోని ప్రతి పరికరమూ మీదే, ఏది చెడినా చూసుకోవాల్సిందీ మీరే.

2. రూటరును వెనక్కి తిప్పి చూడండి

మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇది. పుస్తకంలో రెండు వేర్వేరు పేజీల్లో ఉండే లాన్ (లోకల్ ఏరియా నెట్‌వర్క్, అంటే ఇంటి లోపలిది), వాన్ (వైడ్ ఏరియా నెట్‌వర్క్, అంటే బయటి దూరాలను కలిపేది) ఇక్కడ ఒకే పెట్టె వెనుక, వేలెడు దూరంలో పక్కపక్కనే ఉంటాయి.

పెట్టె వెనుక వరుసగా కేబుల్ పోర్టులు కనిపిస్తాయి. చాలా రూటర్లలో నాలుగు ఒక రంగులో, ఒకటి మరో రంగులో ఉంటాయి. నాలుగింటి దగ్గర లాన్ అని, విడిగా ఉన్నదాని దగ్గర వాన్ అనో ఇంటర్నెట్ అనో ఆంగ్లంలో ముద్రించి ఉంటుంది. సన్నటి ఫైబర్ తీగ నేరుగా వచ్చి దిగే పెట్టెలైతే ఆ విడి పోర్టు స్థానంలో ఫైబర్ పోర్టే ఉంటుంది. ఆ ఒక్కదానికీ ఈ నాలుగింటికీ మధ్య ఉన్న ఖాళీలో మీ వేలు పెట్టండి. అదే సరిహద్దు. వేలికి ఇటువైపున్న తీగలు మీవి, అటువైపు వెళ్లే దారి కనెక్షన్ ఇచ్చిన సంస్థది.

మనం రూటరు అని పిలిచే పెట్టెలో నిజానికి మూడు పనులు చేసే యంత్రాలు ఇమిడి ఉన్నాయి. మొదటిది స్విచ్. లాన్ పోర్టులకు తగిలించిన పరికరాలను ఒకదానితో ఒకటి కలుపుతుంది. ప్రతి పరికరానికీ తయారీలోనే ఇచ్చే 48 బిట్ల మ్యాక్ చిరునామా ఒకటి ఉంటుంది. ఏ పోర్టు వెనుక ఏ చిరునామా ఉందో స్విచ్ నేర్చుకుని గుర్తుపెట్టుకుంటుంది. ఎవరికి వచ్చిన సమాచారాన్ని వారి పోర్టుకే పంపుతుంది. పూర్వం వాడిన హబ్‌కు ఆ తెలివి లేదు. ఒకరికి వచ్చిన ఉత్తరాన్ని వీధిలో అందరికీ వినిపించేలా చదివినట్టు, ప్రతి సమాచారాన్నీ ప్రతి పోర్టుకూ పంపేది. రెండోది వైఫై పంచే యాక్సెస్ పాయింట్. మూడోదే అసలైన రూటరు. మీ నెట్‌వర్కునూ బయటి నెట్‌వర్కునూ కలిపే గుమ్మం అది. పెద్ద కార్యాలయాల్లో ఈ మూడూ వేర్వేరు పెట్టెల్లో ఉంటాయి.

కేబుల్ ఒకటి తీసి దాని కొనను వెలుతురులో చూడండి. పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ తలలో ఎనిమిది రంగుల సన్నని తీగలు కనిపిస్తాయి. లోపల అవి రెండేసి చొప్పున నాలుగు జతలుగా, జడ అల్లినట్టు మెలితిరిగి ఉంటాయి. ఆ మెలిక ఊరికే వేసింది కాదు. రెండు తీగలు మెలిపడి ఉన్నప్పుడు బయటి నుంచి వచ్చే విద్యుత్ అలజడి రెండింటి మీదా దాదాపు సమానంగా పడుతుంది. అవతలి పరికరం రెండింటి మధ్య తేడాను మాత్రమే చదువుతుంది కనుక ఆ అలజడి లెక్కలోకి రాదు. ఒక జత మాటలు పక్క జతలోకి జొరబడకుండా ఒక్కో జతకు ఒక్కో రకం బిగువు ఇస్తారు. క్యాట్ 5ఈ రకం కేబుల్ ఇలా సెకనుకు 1 గిగాబిట్ వేగాన్ని 100 మీటర్ల దాకా మోస్తుంది. కేబుల్ తల మీద ఉండే చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగితే కేబుల్ పోర్టులో నిలవదు, కాస్త కదిలినా సంబంధం తెగిపోతుంది. నేను చూసిన "నెట్ వచ్చి పోతోంది" ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం విరిగిన ఆ నాలుకే.

ఈ తీగల పద్ధతి పేరు ఈథర్‌నెట్. 1973లో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ దీనికి రూపకల్పన చేశారు. అప్పట్లో ఒకే లావుపాటి కేబుల్ గది పొడవునా సాగేది, కంప్యూటర్లన్నీ దానికే తగులుకునేవి. దాన్ని బస్ అమరిక అంటారు. ఇప్పుడు మీ పెట్టెలో ఉన్నది స్టార్ అమరిక. మధ్యలో స్విచ్, చుట్టూ పరికరాలు. ఒక కేబుల్ తెగితే ఆ ఒక్క పరికరమే పోతుంది, మిగతావి నడుస్తూనే ఉంటాయి. కాగితం మీద మీ పరికరాలను రూటరుకు కలుపుతూ గీతలు గీస్తే ఆ నక్షత్రం మీకే కనిపిస్తుంది. దాని చుట్టూ రెండో వలయం గీసి లాన్ అని రాయండి.

3. చిరునామాలు చదవండి

విండోస్ కంప్యూటర్ అయితే కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అనే ఆదేశం ఇవ్వండి. ఫోనులో అయితే వైఫై సెట్టింగుల్లో మీ నెట్‌వర్క్ పేరు మీద నొక్కితే ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్కులో ఆ పరికరాన్ని గుర్తించే అంకెలు కనిపిస్తాయి. అది 192.168తో గానీ, 10తో గానీ, 172.16 నుంచి 172.31 వరకు ఉన్న అంకెలతో గానీ మొదలైతే అది సొంత చిరునామా. ఈ మూడు శ్రేణులనూ ఎవరి లాన్‌లో వారు వాడుకోవడానికి కేటాయించారు. మీ ఫోను చిరునామానే ఎక్కడో మరో ఇంట్లోని ఫోనుకూ ఉండవచ్చు. ఎవరి ఇంట్లో వారు "పై గది" అంటే తమ పై గదేనన్నట్టుగా, లాన్ లోపల ఉన్నంతసేపు గందరగోళం రాదు.

అక్కడే డిఫాల్ట్ గేట్‌వే అనే మరో చిరునామా ఉంటుంది. అది మీ రూటరుది. కాగితం మీద రూటరు పక్కన రాసిపెట్టుకోండి, మళ్లీ కావాలి. ఇప్పుడు బ్రౌజర్ తెరిచి, నా ఐపీ చిరునామా ఏమిటి అని వెతకండి. సాధారణంగా వేరే అంకెలు వస్తాయి. బయటి ప్రపంచానికి కనిపించేది అదే. ఇంట్లోని పరికరాలన్నీ బయటికి వెళ్లేటప్పుడు ఆ ఒక్క చిరునామానే పంచుకుంటాయి. ఎవరి జవాబు ఎవరికి చేర్చాలో రూటరు గుర్తుపెట్టుకుంటుంది. కోలన్లతో, అక్షరాలతో పొడవైన చిరునామా వస్తే అది ఐపీవీ6. 32 బిట్ల పాత పద్ధతిలో సుమారు 430 కోట్ల చిరునామాలే సాధ్యం, అవి చాలకనే 128 బిట్ల ఈ కొత్త పద్ధతి వచ్చింది.

చిరునామా 169.254తో మొదలైతే మాత్రం ఆగండి. రూటరు నుంచి చిరునామా అందక కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం.

4. బయటి తీగ పీకి చూడండి

ఇంట్లో ఎవరూ ముఖ్యమైన పనిలో లేని సమయం చూసుకుని, అందరికీ చెప్పి, వాన్ పోర్టులోని కేబుల్ ఒక్కటే తీయండి. ఫైబర్ తీగ నేరుగా పెట్టెలోకి వస్తుంటే దాన్ని తాకకండి. అది సున్నితమైనది, కొనమీద దుమ్ము పడినా ఇబ్బందే. అలాంటివారు ఈ పరీక్షను చదివి ముందుకు వెళ్లవచ్చు.

ఇప్పుడు వెబ్‌సైట్లు ఏవీ తెరుచుకోవు. కానీ వైఫై ప్రింటరుకు ఒక కాగితం పంపండి. అచ్చవుతుంది. ఒక కంప్యూటర్‌లో పంచి పెట్టిన ఫోల్డరును మరో కంప్యూటర్ నుంచి తెరవండి. తెరుచుకుంటుంది. లాన్ బతికే ఉంది, పోయింది వాన్ మాత్రమే.

ఒకసారి ఒక కార్యాలయంలో ఇంటర్నెట్ ఆగిపోతే సగం పూట అందరూ చేతులు కట్టుకుని కూర్చోవడం కళ్లారా చూశాను. వారికి కావాల్సిన ఫైళ్లన్నీ పక్క గదిలోని సర్వర్లోనే ఉన్నాయి. ఎవరో అనుకోకుండా ఫోల్డరు తెరిచి చూసేదాకా అది పనిచేస్తుందన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. అంత సమయం వృథా కావడం చూసి నాకు నిజంగా బాధ కలిగింది. ఆ రోజు నుంచి లాన్ గురించి ఎవరికి చెప్పినా ఈ పరీక్షే ముందు చేయిస్తున్నాను.

ఈ సందర్భంలోనే మరో తేడా కూడా గమనించండి. అందరి ఫైళ్లూ ఒక సర్వర్లో ఉండి మిగతా కంప్యూటర్లు దాన్ని అడిగి తీసుకుంటే అది క్లయింట్–సర్వర్ పద్ధతి. ప్రతి కంప్యూటరూ తన దగ్గరున్నది మిగతావారికి పంచితే అది పీర్ టు పీర్. నాలుగైదు కంప్యూటర్లున్న చోట రెండోది చాలు. అంతకు మించితే ఎవరి అనుమతులు ఎక్కడున్నాయో పట్టుకోవడం కష్టమవుతుంది, సర్వర్ పెట్టుకోవడమే మేలు.

5. తీగ లేని లాన్‌ను విడిగా చూడండి

కేబుల్ తిరిగి పెట్టేయండి. కేబుల్ తీసి ఉన్నప్పుడు ఫోనులో వైఫై గుర్తు ఏమైందో గమనించారా? కొన్ని ఫోన్లు దాని పక్కన ఆశ్చర్యార్థకం చూపిస్తాయి, కానీ సిగ్నల్ గీతలు మాత్రం నిండుగానే ఉంటాయి. ఆ గీతలు చెప్పేది ఫోనుకూ రూటరుకూ మధ్యనున్న బలం ఒక్కటే. రూటరుకు అవతల ఏం జరుగుతోందో వాటికి తెలియదు. వైఫై అంటే ఇంటర్నెట్ కాదు. గాలిలో సాగే లాన్, అంటే వైర్‌లెస్ లాన్.

కేబుల్‌కూ గాలికీ అసలు తేడా వేగం కన్నా ముందు పంపకంలో ఉంది. ఒక కేబుల్ ఒక్క పరికరానిదే. గాలి మాత్రం అందరిదీ. ఒకే ఛానెల్ మీద ఉన్న పరికరాలు వంతులవారీగా మాట్లాడుకోవాలి, పక్కింటి రూటరు కూడా ఆ వంతులో ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ (వైఫై వాడే రేడియో తరంగాల శ్రేణుల్లో ఒకటి) గోడలను బాగా దాటుతుంది గానీ అందులో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగే ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో ఛానెళ్లు ఎక్కువ, వేగం ఎక్కువ, గోడ అడ్డొస్తే బలం త్వరగా తగ్గుతుంది. అందుకే కదలకుండా ఒకచోట ఉండే టీవీ, డెస్క్‌టాప్, ప్రింటరులకు వీలైతే కేబుల్ వేయమనే నా సలహా. గాలిని కదిలే పరికరాలకు వదిలిపెట్టండి.

గాలి మీ గోడ దగ్గర ఆగదు కనుక తాళం తప్పనిసరి. రూటరు సెట్టింగుల్లో డబ్ల్యూపీఏ3 అనే భద్రతా పద్ధతి ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 పెట్టండి. డబ్ల్యూఈపీ అన్న పాత పద్ధతిని వాడవద్దు. దాన్ని కొన్ని నిమిషాల్లోనే ఛేదించే మార్గాలు చాలాకాలంగా అందరికీ తెలుసు.

ఫోనులో హాట్‌స్పాట్ ఆన్ చేస్తే ఆ ఫోనే రూటరుగా మారుతుంది. ఇటువైపు వైర్‌లెస్ లాన్, అటువైపు మొబైల్ సంస్థ నెట్‌వర్క్. మీరు వేలు పెట్టి చూసిన సరిహద్దు ఇప్పుడు ఫోను లోపల ఉంది.

6. క్యాంపస్, నగరం

ఇవి మీ కాగితం మీద పెద్ద స్థలం తీసుకోవు. ఒక విశ్వవిద్యాలయం, ఒక పెద్ద ఆసుపత్రి తమ ఆవరణలోని భవనాల లాన్‌లన్నిటినీ కలుపుకుంటే అది క్యాంపస్ నెట్‌వర్క్. భవనాల మధ్య సాధారణంగా ఫైబర్ వేస్తారు. రాగి కేబుల్ 100 మీటర్ల దగ్గర ఆగిపోతుంది, పైగా పిడుగు పడితే ఆ దెబ్బను ఒక భవనం నుంచి మరో భవనానికి మోసుకెళ్తుంది. ఫైబర్‌లో నడిచేది వెలుతురు కనుక ఆ భయం లేదు. ఒక నగరమంతా పరుచుకున్నది మెట్రోపాలిటన్ ఏరియా నెట్‌వర్క్, అంటే మాన్. మీ ఇంటి కనెక్షన్ బయటికి వెళ్లగానే ముందుగా కలిసేది చాలావరకు ఇలాంటి నగర ఫైబర్ వలయంలోనే. క్యాంపస్‌కూ మాన్‌కూ గీత ఎక్కడ గీయాలన్న వాదనలో నేను ఎక్కువసేపు నిలబడను. నేల యజమాని ఒక్కరే అయితే క్యాంపస్, వీధులు దాటడానికి ఇతరుల అనుమతి కావాల్సి వస్తే మాన్ అనుకుంటే పని జరిగిపోతుంది.

7. దూరాన్ని చెవితో కాదు, గడియారంతో కొలవండి

కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ (ping) అని రాసి, ఖాళీ వదిలి, మీరు రాసిపెట్టుకున్న రూటరు చిరునామా ఇవ్వండి. జవాబు రావడానికి ఎంత సమయం పట్టిందో మిల్లీసెకన్లలో చూపిస్తుంది. కేబుల్ మీద 1 లేదా అంతకన్నా తక్కువ, వైఫైలో కొద్దిగా ఎక్కువ. తర్వాత వేరే ఖండంలో ఉన్న విశ్వవిద్యాలయం ఏదైనా ఎంచుకుని దాని వెబ్‌సైట్ పేరు ఇవ్వండి. వందల్లో రావచ్చు. కొన్ని సైట్లు తమ నకళ్లను మీకు దగ్గర్లోనే ఉంచుతాయి, కొన్ని పింగ్‌కు జవాబివ్వవు కాబట్టి రెండు మూడు పేర్లు ప్రయత్నించండి.

ఈ ఆలస్యంలో కొంత ఎవరూ తగ్గించలేనిది. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే 10,000 కిలోమీటర్ల దారిలో వెళ్లి రావడానికే 100 మిల్లీసెకన్లు కావాలి. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే భూస్థిర ఉపగ్రహం ద్వారా వెళ్తే ప్రశ్న పైకి, కిందికి, జవాబు పైకి, కిందికి కలిపి దాదాపు అర సెకను. ఇంత దూరాలను కలిపేదే వైడ్ ఏరియా నెట్‌వర్క్, వాన్.

వాన్, ఇంటర్నెట్ ఒకటేనా అని చాలామంది అడుగుతారు. కాదు. ఒక బ్యాంకు తన శాఖలన్నిటినీ అద్దె లైన్లతో కలుపుకుంటే అది ఆ బ్యాంకు వాన్, అందులోకి బయటివారికి దారి లేదు. ఇంటర్నెట్ అంటే ఇలాంటి వేల నెట్‌వర్కులు ఒకే భాషకు ఒప్పుకుని కలిసిన నెట్‌వర్క్. విశేషమేమిటంటే, దూరపు నెట్‌వర్కు ఈథర్‌నెట్ కన్నా ముందే పుట్టింది. 1969 అక్టోబరు 29న, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ మీద లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు తొలి సందేశం పంపారు. లాగిన్ అని పంపబోతే మొదటి రెండు అక్షరాలు వెళ్లగానే అవతలి యంత్రం ఆగిపోయింది. నేటి ఇంటర్నెట్ మాట్లాడే టీసీపీ/ఐపీకి అర్పానెట్ మారింది 1983 జనవరి 1న.

ఇప్పుడు పింగ్ బదులు ట్రేసర్ట్ (tracert) అని రాసి అదే వెబ్‌సైట్ పేరు ఇవ్వండి. మాక్, లినక్స్ కంప్యూటర్లు అయితే ట్రేస్‌రూట్ (traceroute). ఒక్కో వరుసా దారిలోని ఒక్కో రూటరు. మొదటి వరుస మీ రూటరే, చిరునామా సరిపోల్చుకోండి. ఆ తర్వాతివి మీకు కనెక్షన్ ఇచ్చిన సంస్థవి. ఇంకా తర్వాత పేర్లు మారతాయి, అంటే యజమానులు మారుతున్నారన్నమాట. ఒకచోట సమయం అమాంతం పెరిగి ఆ తర్వాత తగ్గకుండా ఉంటే, అక్కడ మీ సమాచారం సముద్రం దాటి ఉండవచ్చు. నక్షత్ర గుర్తులు వచ్చిన వరుసను చూసి కంగారుపడకండి, ఆ రూటరు జవాబివ్వడానికి ఇష్టపడలేదంతే. ఈ దారిని కాగితం అంచుదాకా గీయండి.

8. చుక్కల గీత: వీపీఎన్

మీ కార్యాలయం వీపీఎన్ (వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్) ఇచ్చి ఉంటే ఆన్ చేసి, మళ్లీ ఐపీకాన్ఫిగ్ ఇవ్వండి. కొత్తగా మరో అడాప్టర్, మరో చిరునామా కనిపిస్తాయి. దీనికోసం వేరే తీగ ఎవరూ వేయలేదు. ఉన్న ఇంటర్నెట్ దారిలోనే, ఇతరులు చదవలేకుండా సంకేతలిపిలోకి మార్చిన సమాచారంతో మీ కంప్యూటర్ కార్యాలయం లాన్‌లో కూర్చున్నట్టు ప్రవర్తిస్తుంది. కాగితం మీద మీ కంప్యూటర్ నుంచి కార్యాలయానికి చుక్కల గీత గీయండి. చుక్కలే ఎందుకంటే, కింద ఉన్న అసలు గీతల్లో ఏది తెగినా ఇదీ తెగుతుంది.

9. నెట్ పోయిన రోజున ఈ కాగితం తీయండి

లోపలి వలయం నుంచి బయటికి వెళ్లండి, వరుస మార్చకండి. ముందు రూటరుకు పింగ్ చేయండి. జవాబు రాకపోతే లోపం మీ లాన్‌లోనే ఉంది. కేబుల్ తల, వైఫై పాస్‌వర్డ్, 169.254 చిరునామా చూసుకోండి. రూటరు పలికితే 8.8.8.8 అనే చిరునామాకు పింగ్ చేయండి. అది గూగుల్ అందరికీ తెరిచి ఉంచిన పేర్ల సర్వర్. అదీ పలికి వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే దారి బాగానే ఉంది, పేరును చిరునామాగా మార్చే డీఎన్ఎస్ దగ్గర చిక్కు వచ్చింది. రూటరు సెట్టింగుల్లో వేరే డీఎన్ఎస్ పెట్టి చూడండి. 8.8.8.8 పలకకపోతే దానికే ట్రేసర్ట్ చేయండి. మొదటి వరుస వచ్చి అక్కడితో ఆగిపోతే లోపం చాలావరకు వాన్ పోర్టుకు అవతలే ఉంది. అది ఫైబర్ తీగ కాకపోతే ఒకసారి ఆ కేబుల్ తీసి పెట్టి చూడండి, ఫలితం లేకపోతే కనెక్షన్ ఇచ్చిన సంస్థకు ఫోను చేయండి. "నెట్ రావడం లేదు" అని కాకుండా, "మా రూటరు పింగ్‌కు పలుకుతోంది, రెండో వరుస నుంచి జవాబు లేదు, ఉదయం 10 గంటల నుంచి ఇలాగే ఉంది" అని చెప్పండి.